ఇష్టమైనది పెట్టండి

"నేనేమన్నానని అలా గుడ్లురిమి చూస్తారు? అన్నం గురించి మాట్లాడినా తప్పేనా ఈ ఇంట్లో?"

కోడలు చేతిలోని గరిటె గిన్నెలో పడేసింది. ఆ చప్పుడు వెనక గది దాకా వినబడి ఉంటుందని పెద్దమ్మాయి అటు తిరిగి చూసింది. ఆ గది తలుపు వేసే ఉంది. లోపల గడియ పెట్టుకున్న మనిషి మధ్యాహ్నం నుంచి ఉలకలేదు, పలకలేదు.

భోజనాల బల్ల మీద డాక్టరమ్మ కంచం తీయకుండా అలాగే ఉంది. పోయిన డాక్టరుగారి భార్య కాబట్టి కోడలి అత్తగారు ఊరందరికీ డాక్టరమ్మే. కలిపిన ముద్ద కలిపినట్టే ఎండుతోంది.

"మెల్లగా మాట్లాడు," అన్నాడు కొడుకు.

"ఇంతకంటే మెల్లగా నాకు రాదు. పక్కవాడికి కూడా వినబడకుండా మాట్లాడుకోవడం మీ అక్కాతమ్ముళ్ళ విద్య."

"అసలు నువ్వేమన్నావో మళ్ళీ అను."

"మళ్ళీ అనకు," అంది పెద్దమ్మాయి గబుక్కున.

కోడలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "చప్పిడి పథ్యాలు ఇంకా ఎందుకు వదినా, అత్తయ్యకి ఇష్టమైనది చేసి పెడదాం అన్నాను. అంతేగా? బూతు మాటేం కాదుగా?"

కొడుకు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అదే మాట. మధ్యాహ్నం అందరూ అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు కోడలు ఎంతో ప్రేమగా అన్న మాట. డాక్టరమ్మ చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసి ముందు కొడుకు మొహం చూసింది, తరవాత కూతురి మొహం చూసింది. వాళ్ళిద్దరిలో ఏ ఒక్కరు నవ్వేసినా సరిపోయేది. ఇద్దరూ ఒక్కసారే కంచాల్లోకి వంగిపోయారు. ఆవిడ లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది.

"కూర్చో," అంది పెద్దమ్మాయి మరదలితో.

పెద్దమ్మాయి అన్నది పిలుపుకే. ఏభై దాటిన మనిషి, ఊరి బళ్ళో లెక్కలు చెబుతుంది, కళ్ళజోడు దారానికి కట్టి మెడలో వేసుకుంటుంది. అయినా ఊరికి ఆమె ఇప్పటికీ డాక్టరుగారి పెద్దమ్మాయే. ఈ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు ఎరగదు.

"మా నాన్న ఎవరికీ ఆశ లేదని చెప్పేవారు కాదు. ఆ మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. అలాంటి మనిషిని చూశాక చేతులు కడుక్కుని, వాళ్ళవాళ్ళ భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాకా వచ్చేవారు. 'ఇంటికి తీసుకెళ్ళండి. ఇంక పథ్యం ఏమీ లేదు. ఇష్టమైనది పెట్టండి' అనేవారు."

కోడలి నోరు తెరుచుకుంది.

"అంతే. జనానికి అర్థమైపోయేది. కొంతమంది ఆ మెట్ల మీదే కూలబడేవాళ్ళు. సందుల్లో ఇద్దరు తిట్టుకుంటే, 'నీకు ఇష్టమైనది పెట్టించకపోతే చూడు' అని తిట్టుకునేవాళ్ళు ఈ ఊళ్ళో. అందుకని అమ్మ ఆ మాట ఇంట్లో ఎవర్నీ అననిచ్చేది కాదు. మాకేం కావాలో కూడా అలా అడిగేది కాదు. 'ఏం చెయ్యను?' అనేది. మేం 'ఫలానాది చేస్తే బాగుంటుంది' అనేవాళ్ళం."

"మీ తమ్ముడు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మావయ్యగారు 'అమ్మాయి నచ్చిందా, నచ్చిందా' అని నాలుగుసార్లు అడిగారు," అంది కోడలు నెమ్మదిగా. "ఇష్టమేనా అని ఒక్కసారీ అనలేదు. మా అమ్మ అదో మాట పట్టుకుని ఏడ్చింది, పిల్ల వాళ్ళకి ఇష్టం లేదేమోనని."

కొడుకు నీళ్ళ గ్లాసు ఆమె ముందుకి జరిపాడు.

"ఇన్నేళ్ళయింది నేను ఈ ఇంటి కోడల్నయి," అంది. ఆ గ్లాసు పక్కకి నెట్టేసింది. "ఏ గిన్నెలో పాలు కాచాలో చెప్పారు. ఏ తువ్వాలు ఎవరిదో చెప్పారు. ఈ ఒక్క మాట అనకూడదని ఒక్కరంటే ఒక్కరు చెప్పలేకపోయారా?"

"చెప్పాలంటే ఆ మాట అనాలిగా," అన్నాడు కొడుకు.

"బావుంది!" కోడలు పైట కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అంటే, వదినా, మీరిద్దరూ ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నది నేను అన్నంలో కలిపి పెట్టేశానా?"

పెద్దమ్మాయి తల్లి కంచం మీద మూత పెట్టింది.

చలికాలం పోతూండగా తల్లిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కడుపులో గడ్డ అని, ముదిరిపోయిందని, కోసినా లాభం లేదని అక్కడి డాక్టరు వరండాలో నిలబెట్టి చెప్పాడు. అక్కాతమ్ముళ్ళు రైల్లో ఎదురుబొదురుగా కూర్చుని, మధ్యలో తల్లి నిద్రపోతుండగా, కళ్ళతోనే ఒప్పందం చేసుకున్నారు. తల్లికి పుండు అని చెప్పారు. పుండు అంటే నమ్మాలి కదా, అందుకని కారం లేకుండా, ఉప్పు తగ్గించి పథ్యం పెట్టారు. ఆవిడ కిమ్మనకుండా తింటోంది. డాక్టరు భార్యకి పథ్యమంటే శాసనం.

"అమ్మకి అర్థం కాలేదు," అన్నాడు కొడుకు లేస్తూ. "ఏదో కాస్త నీరసం, అంతే. సాయంత్రానికి కారు చెప్పాను. నాతో తీసుకెళ్ళిపోతాను. అక్కడ మా ఇంట్లో ఈ గొడవలేవీ ఉండవు."

"ఎవర్నడిగి చెప్పావు కారు?"

"అడగడానికేముంది? ముందు గదుల్లో సుత్తి దెబ్బలు, రంగుల వాసన. జబ్బు మనిషి ఉండే చోటేనా ఇది?"

"నాన్న ఆసుపత్రితో పాటు ఈ ఇల్లు మ్యూజియం చెయ్యమని నువ్వేగా ఇచ్చావు కమిటీకి."

"మనం ఇచ్చాం. అమ్మ ఒప్పుకుంది, నువ్వు ఒప్పుకున్నావు. నాన్న పేరు నిలబడుతుందని నువ్వే అన్నావు. నువ్వున్నన్నాళ్ళూ వెనక గదులు నీవేనని అమ్మకి మాట కూడా ఇచ్చాను. కాదన్నానా?"

"మాట ఇచ్చి, కారు చెబుతావా?"

"అక్కా, నన్ను చంపకు." అతను గోడకి ఆనుకున్నాడు. పెద్ద ఉద్యోగం చేసే మనిషి, చిన్నప్పుడు సూది మందు అంటే పారిపోయి అదే గోడ మూల నక్కేవాడు. "ఆవిడ ఇక్కడే ఆ మంచం మీద... నేను చూడలేను."

"చూడక్కర్లేదు. చెప్పు. వెళ్ళి తలుపు తట్టి, అమ్మా ఇదీ సంగతి అని చెప్పు."

"నువ్వు చెప్పు. రోజూ ఆవిడ పక్కన పడుకునేదానివి నువ్వు."

"అందుకే చెప్పలేను."

"నేను చెప్పేశానుగా," అంది కోడలు. "ఇంక మీరిద్దరూ వంతులు వేసుకోకండి."

అంతలో ముందు గదిలోంచి, గోడ మీద అక్షరాలు రాస్తున్న పెయింటరు గొంతు స్పష్టంగా వినబడింది.

"మేష్టారూ! ష కింద ట వత్తా, ఠ వత్తా?"

"ట వత్తేనయ్యా. ఇష్టం రాయడం కూడా రాకపోతే ఎలా?"

"మా ఇంట్లో నా ఇష్టం అడిగినవాళ్ళు లేరండీ. అలవాటు తప్పిపోయింది."

పెద్దమ్మాయి మధ్య తలుపు వైపు పరుగెత్తింది.

ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఆ తలుపు ఒక్కటే. డాక్టరుగారు తలుపుకి అవతల ఒకసారి, ఇవతల ఒకసారి చేతులు కడుక్కునేవారు. అవతలి కుళాయి జబ్బులకి, ఇవతలిది అన్నానికి. పిల్లలు అది దాటి వెళ్ళాలంటే పెద్ద దెబ్బేదైనా తగలాలి.

ఇప్పుడు అవతలంతా రంగు వాసన. రోగులు కూర్చునే పొడుగు బల్లకి ఎర్ర తాడు కట్టారు. మందుల అద్దాల బీరువాలో ఖాళీ సీసాలు తుడిచి వరస పెట్టారు. వాటి మీద ఎంత మోతాదు తాగాలో తెలిసేట్టు అంచులు కత్తిరించి అంటించిన కాగితపు ముక్కలు పచ్చబడి ఇంకా ఉన్నాయి. ఆయన కుర్చీ మీద అట్టముక్క: దయచేసి కూర్చోరాదు. మొన్న ఎవరో తొందరలో అలాంటిదే ఇంకో అట్టముక్క డాక్టరమ్మ పడక్కుర్చీకి కూడా కట్టేస్తే ఆవిడ పడీ పడీ నవ్వింది.

ఎదురు గోడ మీద మోచెయ్యంత అక్షరాలు. నీలం రంగు. ఇష్టమైనది పె... దాకా వచ్చాయి.

"ఆపు," అంది పెద్దమ్మాయి.

నిచ్చెన మీద పెయింటరు కుంచె గాల్లోనే ఆపాడు. రంగు బొట్టు ఒకటి నేల మీద పడింది.

"ఏమైందమ్మా?" అన్నారు మేష్టారు. ఊళ్ళో సగం మందికి చదువు చెప్పి రిటైరైన మనిషి, ఇప్పుడు మ్యూజియం కమిటీకి అధ్యక్షుడు. "తప్పు రాశాడా? నేను పక్కనే నిలబడి చూస్తూనే ఉన్నాను."

"అది చెరిపించండి మేష్టారూ. ఇంకేదైనా రాయించండి. ఆరోగ్యం, శుభ్రత, మీ ఇష్... మీకేది బాగుంటే అది."

మేష్టారు మొహం చిన్నబోయింది. "ఆయన మాటలన్నిట్లో ఇదే కావాలని కమిటీ అంతా ఒక్క మాట మీద ఉందమ్మా."

"ఆ మాటకి అర్థం తెలిసే రాయిస్తున్నారా?"

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" ఆయన తాడు అవతలి బల్ల చూపించారు. "అదిగో, ఆ చివర కూర్చున్నాను ఆ రోజు. మా ఆవిణ్ణి లోపల చూసి వచ్చి నాకే చెప్పారు ఆ మాట. నాకు కళ్ళు తిరిగాయి. కానీ ఇంటికి తీసుకెళ్ళాను. అడిగినవన్నీ పెట్టాను. వంట రాని వెధవని, నేర్చుకుని మరీ చేశాను. మాడ్చినవీ తినేది, బాగుంది అనేది. ఆయన ఆ మాట చెప్పకపోయి ఉంటే ఆ పూటలు నాకు ఉండేవా? మందులు రాసి పంపించేసేవాళ్ళు బోలెడుమంది. నేను ఇన్నాళ్ళూ బతికింది ఆ పూటల మీదే."

పెద్దమ్మాయి గోడ వైపు చూసింది. ఈ గోడ ఆయనకి ఒకటి, తనకి ఇంకొకటి.

"కాదనను మేష్టారూ. అమ్మ చూడకముందు..."

"చూశాను," అంది డాక్టరమ్మ.

ఆవిడ మధ్య తలుపులో నిలబడి ఉంది. జుట్టు దువ్వుకుంది, చీర మార్చుకుంది. వెనకాల కొడుకు, కోడలు, ఎటు పట్టుకుంటే పడిపోకుండా ఉంటుందో తెలియనట్టు చేతులు చాచి నడుస్తున్నారు.

ఆవిడ గది దాటి వచ్చి, ఎర్ర తాడు పైకెత్తి, వంగి, రోగుల బల్ల మీద కూర్చుంది. ఈ ఇంట్లో కాపురం చేసినన్నేళ్ళలో ఆవిడ ఆ బల్ల మీద కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"దిగు బాబూ, అక్కడెందుకు వేలాడతావు? కాళ్ళు లాగుతాయి," అంది పెయింటరుతో. అతను దిగి, డబ్బా పట్టుకుని వరండాలోకి జారుకున్నాడు.

"అమ్మా, లోపలికి పద," అన్నాడు కొడుకు.

"ఉండరా. మేష్టారు అదృష్టవంతులు." ఆవిడ గోడ వైపే చూస్తోంది. "మీ నాన్న ఊరందరికీ చెప్పారు ఈ మాట. నాకు చెప్పలేదు."

"నీకెందుకు చెబుతారమ్మా?"

"ఆయన పడుకున్నప్పుడు. తన జబ్బేమిటో తనకి తెలియదా? ఊపిరి వినే ఎవరికేముందో చెప్పే మనిషి. నేను రోజూ ఎదురు చూశాను, ఏదైనా ఉంటే చెబుతారుగా అని. చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాను. చప్పిడి పథ్యం పెట్టాను. గంజిలో ఉప్పు రాయి వెయ్యలేదు. ఒకరోజు అడిగారు, కొంచెం ఉప్పు వెయ్యవే అని. కసిరాను. ఊరందరికీ పథ్యాలు చెప్పిన మనిషి, మీరే తప్పుతారా అన్నాను. నవ్వి తాగేశారు."

కోడలు గుమ్మం దగ్గరే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"మర్నాడు పొద్దున్నకి లేరు. గిన్నెలో అడుగున మిగిలిన గంజి నేను తాగి చూశాను. ఎలా తాగారో మహానుభావుడు."

మేష్టారు అద్దాల బీరువా వైపు తిరిగి సీసాలు చూస్తున్నట్టు నిలబడ్డారు. వెళ్ళిపోదామన్నా ఆవిడ ముందు నుంచే వెళ్ళాలి.

"ఇందాక ఈ అమ్మాయి ఆ మాట అంటే నేను లేచిపోయింది కోపంతో కాదు," అంది డాక్టరమ్మ. "అమ్మాయ్, ఏడవకు. నువ్వు తెలియక అన్నావు. తెలిసినవాళ్ళ మొహాలు చూసి లేచాను." కొడుకు వైపు తిరిగింది. "చెప్పు."

"ఏం చెప్పనమ్మా?"

"పుండు కాదని చెప్పు."

"అమ్మా, నేను..." అంది పెద్దమ్మాయి.

"నువ్వు కాదు. నిన్ను రోజూ చూస్తూనే ఉన్నాను, పప్పులో కారం వెయ్యబోయి ఆగిపోవడం. నువ్వు నోటితో చెప్పకపోయినా నీ చెయ్యి చెబుతోంది. వాడు చెప్పాలి. మొగుడూ చెప్పక, కొడుకూ చెప్పక, ఇంక నాకెవరు చెబుతారు?"

కొడుకు బల్ల ముందు నేల మీద కూర్చున్నాడు. మాట పెదవుల దాకా వచ్చి వెనక్కి పోవడం అందరికీ కనబడుతోంది. ఆవిడ తొందర పెట్టలేదు. రోగుల వెనక నిలబడి ఎన్నో వేలసార్లు విన్న మనిషిలా, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"గడ్డ అమ్మా," అన్నాడు చివరికి. "ముదిరిపోయిందట. కోసినా... మందు లేదన్నారు."

ఆవిడ తల ఊపింది. కొడుకు తల మీద చెయ్యి వేసింది. అతను ఏడుస్తుంటే ఆ చెయ్యి కూడా అతనితో పాటే కదులుతోంది.

"అంతేగా. దానికి కారు దేనికిరా? నేను ఎక్కడికీ రాను. రాత్రికి ఉప్పూ కారం వేసి ఏదో ఒకటి చెయ్యండి, నలుగురం కలిసి తిందాం."

ఆ క్షణంలో పెద్దమ్మాయికి ఒంటి మీంచి బరువు దిగినట్టయింది. అయిపోయింది, అనుకుంది. ఇంత తేలిక పనికి ఇన్నాళ్ళు ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాం, అనుకుంది.

డాక్టరమ్మకి మేష్టారి మీద జాలేసింది కాబోలు. పరాయి ఇంటి కన్నీళ్ళ మధ్య ఇరుక్కుపోయి ఆయన ఒకే సీసాని ఎంతసేపని చూస్తారు?

"మీ ప్రారంభం ఎప్పుడు మేష్టారూ? నేనూ చూడాలిగా."

"వర్షాలు వెలిశాకనమ్మా," అన్నారాయన, మాట్లాడ్డానికి ఏదో ఒకటి దొరికినందుకు హాయిగా ఇటు తిరిగి.

"గోడలు ఇప్పుడే అయిపోతున్నాయిగా? అంత ఆలస్యమెందుకు?"

"మేం ఈ నెలాఖరుకే అనుకున్నాం. అబ్బాయే వద్దన్నాడు. తొందరపడి ముందు గదులు మాత్రం తెరిస్తే ఏం బాగుంటుంది, వర్షాలు వెలిసేసరికి వెనక గదులు కూడా ఖాళీ అవుతాయి, ఇల్లంతా కలిపి ఒకేసారి..."

ఆయన మాట చివరికి వచ్చేసరికి నడక తప్పింది. తను అన్నది తనకే అప్పుడు వినబడింది. "మీరు అబ్బాయి దగ్గరికి వెళ్ళిపోతున్నారనుకున్నామమ్మా మేమంతా," అన్నారు గబగబా. "అంతకంటే ఇంకేం..."

కొడుకు తల మీది చెయ్యి ఆగింది.

"ఎప్పుడన్నాడు మేష్టారూ ఈ మాట?"

ఆయన పెద్దమ్మాయి వైపు చూశారు, సాయం చెయ్యమన్నట్టు. పెద్దమ్మాయి తమ్ముడి వైపు చూస్తోంది. పెద్దాసుపత్రి నుంచి తిరిగొచ్చిన వారమే అతను కమిటీ వాళ్ళని ఇంటికి పిలిచాడు. ఎన్నాళ్ళ నుంచో నానుతున్న సంగతి ఇప్పుడు తేలిపోతోందే అని ఆ రోజు తను సంతోషించింది కూడా. కాఫీలు కూడా తనే పెట్టింది.

"అమ్మా, నిన్ను నా దగ్గరికి తీసుకెళ్దామనే," అన్నాడు కొడుకు. "నా మీద ఒట్టు. గదులు ఖాళీ అవుతాయంటే, నువ్వు నాతో వస్తావని. ఇంకోలా నేను..."

"నువ్వున్నన్నాళ్ళూ వెనక గదులు నీవేనన్నావు కదరా నాతో?"

"అవునమ్మా."

"అప్పటికి నీకు తెలుసు."

అతను తల ఎత్తలేదు. వరండాలో పెయింటరు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. వీధిలో కారు వచ్చి ఆగిన చప్పుడైంది. డ్రైవరు ఒకసారి హారను కొట్టాడు.

డాక్టరమ్మ కొడుకు తల మీంచి చెయ్యి తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టు అడిగింది:

"మరి వర్షాలు వెలిశాక కూడా నేను పోకుండా ఆ గదిలోనే ఉంటేనో?"